ఆ పసుపు గీత ఎవరిది?

గురజాలలో ఒక హైస్కూలు సైన్సు గదికి కొత్తగా సున్నం వేయించారు. గోడ మీద పదిమంది ఖగోళ శాస్త్రవేత్తల బొమ్మలు గీయిద్దామనుకుని, పేర్లు రాసిమ్మని ఫిజిక్సు చెప్పి రిటైరైన ఒక మాస్టారిని అడిగారు. ఆర్యభట, కోపర్నికస్, గెలీలియో, కెప్లర్, న్యూటన్, హెర్షెల్, జాన్సెన్, హబుల్, చంద్రశేఖర్, వైను బప్పు. ఇదీ ఆయన రాసిన జాబితా. నరసరావుపేటలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పే ఆయన మేనకోడలు సెలవులకు వచ్చి దాన్ని చూసింది. తీసెయ్యాల్సిన పేరు అందులో ఒక్కటీ లేదని ఆమె కూడా ఒప్పుకుంది. మనిషి బొమ్మ వేసి కింద "ఫలానాది కనుగొన్నాడు" అని రాస్తే, ఆకాశం గురించి మనకు తెలిసిందంతా ఎట్లా తెలిసిందో పిల్లలకు అర్థమవుతుందా అన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది. పక్కనే కూర్చుని విన్నాను కాబట్టి రాస్తున్నాను.

మేనకోడలు: మామయ్యా, జాన్సెన్ పేరు కింద "గుంటూరులో హీలియం కనుగొన్నాడు" అని రాశావు. ఇది నిలుస్తుందా?

మామయ్య: ఎందుకు నిలవదమ్మా? 1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ దానికోసమే వచ్చాడు. గుంటూరే ఎందుకంటావా? గ్రహణం నడిచే దారిలో నడిమధ్యన ఉంది. ఇటు సముద్రానికీ అటు కొండలకీ ఎడంగా ఉంది. మచిలీపట్నంలో సముద్రం మీంచి వచ్చే మంచు, కొండల దగ్గర మబ్బు. రెండూ తప్పించుకోటానికి లెక్కేసుకుని ఇక్కడ దిగాడు.

మేనకోడలు: లెక్కేసుకున్నది ఆయన ఒక్కడే కాదుగా. మేజర్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. అదే అబ్జర్వేటరీలో అసిస్టెంటు చింతామణి రఘునాథాచారి ఒక బృందంతో వనపర్తి వెళ్ళాడు. మ్యాపులో వనపర్తి నుంచి గుంటూరుకి గీత గీసి చూడు, పల్నాడు మీంచే పోతుంది. ఆ పొద్దున మాచర్ల, గురజాల, కారెంపూడి, నరసరావుపేట అన్నీ పొద్దెక్కాక చీకటైన ఊళ్ళే. ఇంతమంది మీదుగా పోయిన నీడను ఒక్క మనిషి పేర రాసివ్వటం న్యాయమేనా?

మామయ్య: నీడ అందరి మీదా పడింది, నిజమే. మనవాళ్ళు పట్టు స్నానం, విడుపు స్నానం చేసి, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసుకుని కూర్చుని ఉంటారు. 1980 ఫిబ్రవరి 16 గ్రహణానికి నేను డిగ్రీలో ఉన్నా. అప్పటికీ ఊరూరా తలుపులు బిగించుకునే కూర్చున్నారు. అంచేత గుంటూరులో ఆ రోజు ఏం జరిగిందో పిల్లలకు విడమరిచి చెప్పాలి. పూర్తిగా పట్టిన ఐదు నిమిషాల పైచిలుకులో చంద్రుడి నల్లటి అంచు చుట్టూ ఎర్రటి మంట నాలుకలు లేచాయి. జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ చీలికను వాటి మీద పెట్టాడు. ఇంద్రధనుస్సు పట్టీ రాలేదు. విడివిడిగా మెరిసే గీతలు వచ్చాయి. అంటే అది కాగుతున్న వాయువు, అందులో ముఖ్యంగా హైడ్రోజన్. ఇంతవరకూ టెనెంట్‌కీ తెలిసింది, అటు జమఖండిలో చూసిన ఇంకో హెర్షెల్, లెఫ్టినెంట్ హెర్షెల్‌కీ తెలిసింది. వాళ్ళెవరికీ తట్టనిది జాన్సెన్‌కి తట్టింది. గీతలు ఇంత కాంతిగా ఉంటే గ్రహణం విడిచాక కూడా కనబడాలి కదా అనుకున్నాడు. ఆ రోజు తర్వాత మబ్బు కమ్మింది. మర్నాడు 19న తెల్లారగానే చీలికను సూర్యుడి అంచు పక్కన పెట్టి చూశాడు. పట్టపగలు, గ్రహణం లేకుండా, అవే గీతలు.

మేనకోడలు: పట్టపగలు ఎట్లా కనబడ్డాయి? చరిత్ర చదివినదాన్ని, ఆ కిటుకు నాకు సరిగ్గా తెలియదు.

మామయ్య: సూర్యుడి పక్కన ఆకాశంలో ఉండే వెలుగు అన్ని రంగుల కలగలుపు. పట్టకంలోంచి దాన్ని ఎంత వెడల్పుగా పరిస్తే అంత పలచబడుద్ది, పిడికెడు వడ్లు చాపంతా నెరిపినట్టు. మంట వెలుగు అట్టా కాదు, అది నాలుగైదు రంగుల్లోనే ఉంది. ఎంత పరిచినా గీత గీతగానే నిలబడుద్ది. వెనకాల వెలుగు పలచబడేకొద్దీ గీత పైకి తేలుద్ది. అంతేనమ్మా. ఆ తర్వాత రెండు వారాలకు పైగా రోజూ చూశాడు. అంతకుముందు ఆ మంటల్ని చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ళ తరబడి కాచుకుని, సముద్రాలు దాటి పోవాల్సిందే. ఆ పొద్దుటి నుంచి సూర్యుడు రోజూ చూసి చదువుకునే వస్తువయ్యాడు. అదే ఊళ్ళో, అదే సూర్యుడి కింద, అట్టాంటి పరికరమే ఉన్న టెనెంట్ ఆ పని చెయ్యలేదు. మరి మనిషిలో ఏమీ లేదంటావా?

ఈ మాటకి ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. మాస్టారి వాదనలో బలమంతా ఇక్కడే ఉందని నాకూ అనిపించింది. ఒకే ఊరు, ఒకే పొద్దు, దాదాపు ఒకే సరంజామా. తేడా ఏదైనా ఉందంటే అది ఆ ఒక్క ఆలోచనలోనే ఉంది.

మేనకోడలు: ఉంది, కాదనను. కాకపోతే ఆ ఆలోచన ఆయన ఒక్కడికే వచ్చిందా? ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అంతకు రెండేళ్ళ ముందే అదే అనుకున్నాడు. తగిన స్పెక్ట్రోస్కోప్ చేయించమని పురమాయిస్తే అది చేతికొచ్చేసరికి 1868 అక్టోబరు అయింది. అక్టోబరు 20న ఇండియా ముఖం చూడకుండానే అవే గీతల్ని చూశాడు. జాన్సెన్ గుంటూరు నుంచి కాకినాడ చేరి సెప్టెంబరు 19న రాసిన ఉత్తరం ఓడలో పోయి ప్యారిస్ చేరింది. అదీ లాకియర్ కబురూ ఫ్రెంచి అకాడమీ ముందుకు ఒకే రోజు, అక్టోబరు 26న వచ్చాయి. ఇద్దరి ముఖాలూ పక్కపక్కన వేసి ఫ్రెంచి ప్రభుత్వం పతకం పోయించింది. వాళ్ళకు లేని పేచీ మనకెందుకు? నేననేదేమిటంటే, ఒకరినొకరు ఎరగని ఇద్దరికి రెండు నెలల తేడాలో అదే పని కుదిరిందంటే, అప్పటికే ఎవరో దారి వేసి పెట్టారని. ఫ్రౌన్‌హోఫర్ సూర్యకాంతిలో నల్ల గీతలు చూసి గుర్తించాడు. 1859లో కిర్కాఫ్, బున్సెన్ ఆ గీతలు ఏ మూలకం ఆనవాళ్ళో తేల్చారు. అంతకు పాతికేళ్ళ ముందు, నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషికి ఎన్నటికీ తెలియదని తత్వవేత్త ఆగస్ట్ కామ్ట్ కొట్టిపారేశాడు.

మామయ్య: సరే, ఇద్దరు. ఇద్దరైనా మనుషులేగా.

మేనకోడలు: ఇక హీలియం సంగతి. వచ్చిన గీతల్లో ఒకటి పసుపు. సోడియం గీతలు 589 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, ఇది 587.5. ఆ రోజు గుంటూరులో, మచిలీపట్నంలో చాలామంది దాన్ని చూసి సోడియం అనుకున్నారు. పాగ్సన్ మాత్రం అది సోడియం చోటే, లేదా దానికి దగ్గర్లో అని రాసి పెట్టాడు. కొత్త మూలకం అని జాన్సెన్ అనలేదు. అది సోడియం కాదని కొలిచి, భూమ్మీద దొరికిన దేనికీ సరిపోవట్లేదని తేల్చింది లాకియర్. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టారు. రసాయన శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఆర్గాన్ కోసం వెతుకుతూ క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేస్తే వచ్చిన వాయువులో అదే పసుపు గీత కనబడింది. 27 ఏళ్ళు పట్టింది. ఇప్పుడు చెప్పు, గుంటూరులో హీలియం కనుగొన్నాడని గోడ మీద రాయొచ్చా?

మామయ్య: గుంటూరు పేరు తీసెయ్యమంటావా ఏంది? ఇంత పెద్ద సంగతిలో మన ఊరి పేరు ఉందంటే పిల్లాడికి ఒళ్ళు పొంగుద్ది. అప్పుడు గుంటూరు కృష్ణా జిల్లాలో ఓ ఊరు, జిల్లా కేంద్రం కూడా కాదు.

మేనకోడలు: గుంటూరు ఉండాలి, పెద్దక్షరాల్లో ఉండాలి. అయితే అబద్ధం మీద ఒళ్ళు పొంగటం ఎందుకు? నిజమే అంతకన్నా గొప్పగా ఉంది. గ్రహణం లేకుండా సూర్యుడి మంటల్ని మొదట చూసింది గుంటూరులో. అది ఎవరూ కాదనలేని మాట.

మామయ్య: (కాసేపు ఆగి) ఆ మాట మార్చి రాస్తా. అయినా నీ వాదనకి ఇంకో పక్క ఉంది. అందరూ అనుకునేదాన్ని ఒక్కడు కాదన్నప్పుడే ఆకాశం మారింది. ఆర్యభటను తీసుకో. 499లో, 23 ఏళ్ళ వయసులో, తిరిగేది నక్షత్రాలు కాదు, భూమే అన్నాడు. ఎంత ధైర్యం ఉండాలి?

మేనకోడలు: ఆయనన్నాడు. తర్వాత బ్రహ్మగుప్తుడు అది తప్పన్నాడు. ఆర్యభట పుస్తకానికి వ్యాఖ్యానాలు రాసినవాళ్ళే కొందరు ఆ శ్లోకానికి అర్థం తిప్పి చెప్పారు. మహామేధావి ఒక్కడు చెప్పినంత మాత్రాన జనం అవగాహన మారదు మామయ్యా. భూమి తిరుగుతోందని గదిలో చూపించటానికి 1851లో ఫూకో లోలకం దాకా ఆగాల్సి వచ్చింది. మన దగ్గర గ్రహాల లెక్క బతికింది కూడా మామూలు పంతుళ్ళ వల్లే. సూర్యసిద్ధాంతానికి 1178 ప్రాంతంలో మల్లికార్జున సూరి తెలుగులో వ్యాఖ్యానం రాశాడు. ఆయన బొమ్మ ఎక్కడైనా చూశావా?

మామయ్య: 1178 అంటే పల్నాటి యుద్ధం కాలం! ఇక్కడ కారెంపూడిలో వీరులు నరుక్కుంటున్న రోజుల్లో ఎవరో తెలుగులో గ్రహాల లెక్క రాసుకుంటున్నాడన్నమాట.

మేనకోడలు: మరి వీరుల గుడికి ఏటా తిరనాళ్ళ జరుగుతుంది. ఆ లెక్క రాసినాయన ఎవరికీ తెలియదు.

మామయ్య: సరేగానీ, కెప్లర్ దగ్గరికి రా. కుజుడి దారికి వేసిన లెక్క టైకో బ్రాహీ కొలతలకి 8 నిమిషాలు తేడా వచ్చింది. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం, అట్టాంటివి ఎనిమిది. ఇంకొకడైతే పోనీలే అనేవాడు. కెప్లర్ వదల్లేదు. వృత్తాన్నే వదిలేశాడు. 1609లో గ్రహాలు దీర్ఘవృత్తంలో తిరుగుతాయని రాశాడు. రెండు వేల ఏళ్ళ నమ్మకం ఆ 8 నిమిషాల కోసం పోయింది.

మేనకోడలు: ఆ 8 నిమిషాలను నమ్మటానికి కెప్లర్‌కి ధైర్యం ఎక్కడిది? టెలిస్కోపు లేకుండా, వట్టి కళ్ళతో టైకో అంతకంటే బాగా కొలుస్తాడని తెలుసు కాబట్టి. ఇరవై ఏళ్ళు రాత్రుళ్ళు మేలుకుని తీసిన కొలతలు అవి. టైకో నీ జాబితాలో లేడు.

మామయ్య: పది బొమ్మలే పట్టాయమ్మా!

మేనకోడలు: ఆ పదిలో ఒక్క ఆడమనిషి లేదు. అదైనా గమనించావా?

మామయ్య: (జాబితా మళ్ళీ చదివి) లేదు. నిజం.

మేనకోడలు: గుంటూరులో మొదలైన కథే చెప్తా. సూర్యుడిలో హీలియం ఉందని తెలిసింది. ఎంత ఉంది? గీత ఎంత ముదురుగా ఉంటే ఆ మూలకం అంత ఎక్కువ అనుకునేవాళ్ళు. ఇనుము గీతలు బోలెడు కాబట్టి సూర్యుడు దాదాపు భూమి లాంటి సరుకే అనుకున్నారు. 1920లో కలకత్తాలో మేఘనాథ్ సాహా ఒక సమీకరణం ఇచ్చాడు. వేడిని బట్టి పరమాణువులు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటాయి, కాబట్టి గీత ముదురుదనం వేడి మీద కూడా ఆధారపడుతుందని. ఆ సమీకరణం పట్టుకుని హార్వర్డులో సిసిలియా పేన్ 1925లో థీసిస్ రాసింది. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు. నక్షత్రాల్లో హైడ్రోజన్, హీలియం మిగతా అన్నిటికంటే ఎన్నో రెట్లు ఎక్కువని లెక్క తేలింది. ఆ రోజుల్లో అమెరికాలో అందరికంటే పెద్ద పేరు హెన్రీ నోరిస్ రసెల్‌ది. ఆ ఫలితం అసాధ్యం అన్నాడు. ఆమె తన థీసిస్‌లోనే ఆ సంఖ్య దాదాపు కచ్చితంగా నిజం కాదని రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ళకు రసెల్ వేరే దారిలో వెళ్ళి అక్కడికే చేరి, ఆమె చెప్పింది సరైనదన్నాడు. పెద్ద పేర్లు దారి చూపిస్తాయి, సరే. దారికి అడ్డం కూడా నిలబడతాయి.

మామయ్య: ఇది పిల్లలకు చెప్పి తీరాలి. మామూలు పదార్థంలో బరువు లెక్కన పావు వంతు హీలియమే. విశ్వం పుట్టిన మొదటి కొద్ది నిమిషాల్లో తయారైంది. గుంటూరు మీద చీకట్లో మెరిసిన పసుపు గీత ఎక్కడిదాకా పోయిందో చూడు. కానీ అమ్మాయ్, నువ్వు చెప్పింది నా వాదనకే బలం. సిసిలియా పేన్ ఒక్కతి. ఆ ఒక్క బుర్ర లేకపోతే?

మేనకోడలు: ఆమె చేతిలో ఉన్నవి హార్వర్డులో పేరులేని ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోగేసి, వర్గాలు చేసి పెట్టిన గాజు ప్లేట్లు. సరే, నీకు ఇంకా దగ్గరిది చెప్తా. హైదరాబాదు.

మామయ్య: నిజామియా అబ్జర్వేటరీ. అందుకేగా బప్పు పేరు రాశాను. వాళ్ళ నాన్న అక్కడే పనిచేసేవాడు. పిల్లాడు ఆ టెలిస్కోపుల దగ్గర పెరిగి, నిజాం కాలేజీలో చదివి, 1949లో హార్వర్డుకి పోయి తోకచుక్కను పట్టాడు. 1957లో విల్సన్‌తో కలిసి, నక్షత్రంలో కాల్షియం గీత వెడల్పును బట్టి దాని అసలు కాంతి చెప్పొచ్చని చూపించాడు. కావలూరులో పెద్ద టెలిస్కోపుకి పూనుకున్నది ఆయనే, ఇప్పుడు దానికి ఆయన పేరే.

మేనకోడలు: బప్పు గొప్పవాడే. ఆయన పుట్టకముందు సంగతి నేను చెప్తున్నా. 1901లో నవాబు జఫర్ జంగ్ సొంత డబ్బుతో ఆ అబ్జర్వేటరీ మొదలుపెట్టాడు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుని బేగంపేటకు మార్చింది. అప్పటికే ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక వేద్దామని 1887లో ప్యారిస్‌లో తీర్మానించి, ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ పంచారు. చిలీలో శాంటియాగో వాళ్ళు చెయ్యలేక వదిలేసిన పట్టీ, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీలది, హైదరాబాదు నెత్తికెత్తుకుంది. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా. రాత్రి ఫోటో ప్లేటు తీయాలి. పగలు ఆ గాజు ప్లేటును మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో చుక్క అడ్డం ఎంత, నిలువు ఎంత, కొలిచి రాయాలి. మళ్ళీ ఇంకో చుక్క. చాట్‌వుడ్, పోకాక్, వాళ్ళ తర్వాత మొదటి భారతీయ డైరెక్టరు టి.పి. భాస్కరన్. డైరెక్టర్లు మారినా పని ఆగలేదు. పన్నెండు సంపుటాలు, ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు.

మామయ్య: చేశారమ్మా, దణ్ణం పెడతా. కానీ అడుగుతున్నా, దాంతో విశ్వం గురించి మనకు కొత్తగా ఏం తెలిసింది? ఒక్క మాట చెప్పు. సూర్యకేంద్ర సిద్ధాంతం లాంటిది, విస్తరిస్తున్న విశ్వం లాంటిది ఏదైనా? లేదు. పట్టిక పట్టికే.

మేనకోడలు: చాలాకాలం అందరూ అట్లాగే అన్నారు, పాతకాలపు చాకిరీ అని. 1989లో యూరప్ వాళ్ళు హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపారు, నక్షత్రాల చోటు కొలవటానికి. అది పనిచేసింది నాలుగేళ్ళు. నక్షత్రం ఆకాశంలో ఎంత నిదానంగా జరుగుతోందో తెలియాలంటే ఆ నాలుగేళ్ళు సరిపోవు. నక్షత్రం ఇప్పుడెక్కడుందో ఒక కొలత, చాలాకాలం కింద ఎక్కడుండేదో ఇంకో కొలత, రెండూ కావాలి. ఆ పాత కొలత ఎవరి దగ్గరుంది? ఆ గాజు ప్లేట్ల పట్టికల్లో. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో పాతిక లక్షల నక్షత్రాల కదలిక తేల్చారు, ఆ పట్టికలతో పోల్చే తేల్చారు. హైదరాబాదు పట్టీలో నక్షత్రాలకు హైదరాబాదు కొలతలే ముఖ్య ఆధారం. ఎంత మేధావిని తెచ్చినా వందేళ్ళ కిందటి రాత్రిని మళ్ళీ ఫోటో తీయలేడు మామయ్యా.

మామయ్య: (చాలాసేపు మాట్లాడలేదు) అది మాత్రం ఒప్పుకోవాలి. వందేళ్ళ ఎడాన్ని ఏ బుర్రా పుట్టించలేదు.

వాదన ఇక్కడ ఆమె వైపు మొగ్గిందనే నేను అనుకుంటున్నాను. మాస్టారు చెప్పిన 19వ తేదీ పొద్దు మాత్రం నా మనసులోంచి పోలేదు. గ్రహణం అయిపోయింది, పెట్టెలు సర్దుకుని ఓడెక్కొచ్చు. మర్నాడు తెల్లారగానే లేచి మళ్ళీ చూడాలన్న పట్టుదల పట్టికల్లోంచి పుట్టదు. అది మనిషిలో ఉండాలి. గాజు ప్లేటు మీద లక్షో చుక్కను కూడా మొదటి చుక్కంత శ్రద్ధగా కొలిచిన ఆ పేరులేని అసిస్టెంటుకీ అదే పట్టుదల ఉండి ఉండాలి. ఈ ఇద్దర్నీ రెండు పార్టీలు చెయ్యటం నాకు ఇష్టం లేదు. మాస్టారికి ఆ మాటా చెప్పాను. ఆయన తల ఊపి మళ్ళీ గోడ దగ్గరికే వచ్చారు.

మామయ్య: నా బాధ వేరు. గురజాలలో ఓ పిల్లాడికి పట్టిక చూపిస్తే ఏం పుడుద్ది? మనిషి కనబడాలి. ముఖం కనబడాలి. నేనూ అట్టా అవుతానని అనిపించాలి.

మేనకోడలు: పిల్లకీ అనిపించాలి. సిసిలియా పేన్‌ని పెట్టు. హెర్షెల్ బొమ్మలో చెల్లెలు కారొలిన్‌ని కూడా గీయించు. ఎనిమిది తోకచుక్కలు పట్టిన మనిషి, అన్న కొలతలన్నీ రాసింది ఆమే. రఘునాథాచారిని జాన్సెన్ పక్కన పెట్టు.

మామయ్య: పేన్‌కి చోటు ఇస్తా, కారొలిన్ సంగతి సరే. రఘునాథాచారి గ్రహణం చూడటానికి వనపర్తి వెళ్ళాడు, అంతేగా? చూడటానికి వెళ్ళిన వాళ్ళందర్నీ గోడకెక్కిస్తామా?

మేనకోడలు: అంతే కాదు. పంచాంగాలు పాత లెక్కల మీద నడవకూడదు, ఆకాశంలో కనబడేదానికి సరిపోవాలని పట్టుబట్టి దృగ్గణిత పంచాంగం వేసినాయన. 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా నడిచే ముందు, అదేమిటో మామూలు జనానికి అర్థమయ్యేట్టు మన భాషల్లో పుస్తకాలు తెచ్చాడు. నువ్వు ముప్పై ఏళ్ళు బళ్ళో చేసిన పని అదే కదా. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యాడు. కనుగొన్నది కావాలంటే అదీ ఉంది. 1867లో, గ్రహణానికి ముందటేడు, మద్రాసులో దక్షిణాన రెటిక్యులం మండలంలో వెలుగు మారే నక్షత్రాన్ని పట్టాడు. ఆర్ రెటిక్యులి అంటారు దాన్ని.

మామయ్య: రెటిక్యులమా? బాగా దక్షిణాన కదా. మనకి కనబడుద్దా?

మేనకోడలు: అది నువ్వే చెప్పాలి, ఫిజిక్సు మాస్టారివి.

మామయ్య: మైనస్ 63 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనం ఉన్నది పదహారున్నర అక్షాంశంలో. తొంభైలోంచి రెండూ తీసేస్తే పదిన్నర. దక్షిణ దిక్కున పది డిగ్రీల ఎత్తుకి వస్తది, జనవరిలో రాత్రి తొమ్మిదింటికి. చెట్టూ పుట్టా అడ్డంలేని పొలం చూసుకోవాలి. మంచు కూడా ఉండకూడదు. వెలుగు ఎంత ఉంటది?

మేనకోడలు: బాగా వెలుగులో ఉన్నప్పుడు బైనాక్యులర్‌కి అందుతుంది. తగ్గినప్పుడు చిన్న టెలిస్కోపుకి కూడా కష్టమే. పెరిగి తగ్గి మళ్ళీ పెరగటానికి తొమ్మిది నెలల పైన పడుతుంది.

మామయ్య: తొమ్మిది నెలలంటే ఏటా జనవరికే రాదన్నమాట. ఒక జనవరి వెలుగులో ఉంటే, తర్వాతి జనవరికి ఎక్కడో దిగిపోయి ఉంటది. పిల్లల్ని పొలంలోకి తీసుకెళ్ళి ఏమీ చూపించకుండా తీసుకొస్తే లాభం లేదు. ఏ ఏడు కుదురుద్దో ముందు లెక్క కట్టాలి. ఆ కాగితం ఇట్టా ఇయ్యి, వెనక ఖాళీగా ఉంది.